మైకు మెడ పట్టుకుని ఏడవనన్న సోమ్లీబాయి

పొద్దున ఏడున్నరకి అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం బస్సెక్కాను. కడుపులో ఉగ్గాని, బజ్జీలు. మెడలో డిజిటల్ రికార్డరు. ఒళ్లో నాలుగు మందపాటి దుప్పట్లు. ఈ దారిన వచ్చేవాళ్ళు ఎడమవైపు కూర్చోకండి, ఎండ వాయించేస్తుంది.

"ఏమ్మా, దుప్పట్లు అమ్మేదానికి పోతాండావా?" అన్నాడు కండక్టరు.

"కాదన్నా, ఏడుపు రికార్డు చేసేదానికి."

టికెట్టు చేతిలో పెట్టి గబగబా ముందుకెళ్ళిపోయాడు పాపం.

నేను చెప్పింది నిజమే. సుగాలీల, అంటే లంబాడీల ఇళ్ళలో పెళ్ళికూతురు అత్తారింటికి పోయేటప్పుడు అయినవాళ్ళ మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. వాళ్ళది లిపి లేని భాష కదా, అంతా కంప్యూటర్లో దాచిపెట్టాలని మా ప్రాజెక్టు. పాతకాలపు పొడుగు ఢావ్లో కంబదూరు దగ్గరి తాండాలో సోమ్లీబాయి ఒక్కతికే వచ్చునట. అది తేలేకపోతే నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు ప్రొఫెసరుగారు. పైగా రికార్డులో ఒక్క గొంతే ఉండాలట. గాలి, మేక అరుపు, నా దగ్గు, ఏవీ వద్దట. ఏసీ గది దాటి ఆయన ఎన్నడైనా మేకను చూశారా అని నాకు అనుమానం.

కళ్యాణదుర్గంలో బస్సు మారి పదిన్నరకి తాండా మలుపులో దిగాను. సోమ్లీబాయి వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. బయటి చప్పుడు రాకుండా ఆమె గది గోడలకు దుప్పట్లు కట్టి, తలుపు మూసి, మైకు నిలబెట్టాను. ఇద్దరమూ లోపల ఉడికిపోతున్నాం.

"పాడు అవ్వా."

మైకును కిందికీ మీదికీ చూసింది. "దీని మెడ పట్టుకోని ఏడ్సాల్నా?"

"ఊరికే పాడవ్వా."

"ఊరికే యాడొస్తాది? ఎవురన్నా పోతాంటే కదా ఏడుపొచ్చేది! పోయేటోళ్ళు లేకుండా ఏడిస్తే పిచ్చిదంటారు."

బతిమాలాను. జొన్నరొట్టె, ఊరిబిండి పెట్టింది గానీ పాట పెట్టలేదు. నా పెళ్ళి సంగతి మాత్రం గుచ్చి గుచ్చి అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాలుగు గంటల బస్సుకని దుప్పట్లు మూటగట్టాను. మలుపుదాకా తోడొచ్చింది.

"మళ్ళా ఎప్పుడొస్తావు?"

"యాడొచ్చేదవ్వా, ఉద్యోగమే పోతాంది."

బస్సు దుమ్ము కనబడింది. ఆమె ఉన్నట్టుండి నా మెడ చుట్టూ చేతులేసి రాగమెత్తింది. ఇద్దరి మధ్య నలుగుతున్న రికార్డరు బటను ఎలాగో నొక్కాను. వాళ్ళ భాష నాకు కొంచెం తెలుసు. ఆ పాటలో నా పేరు, నా దుప్పట్లు, నేను వదిలేసిన సగం రొట్టె కూడా వచ్చాయి. నేనూ బావురుమన్నాను. బస్సు ఆగింది. పాట అయ్యేదాకా డ్రైవరు కదిలించలేదు, ఒక్కరూ కసురుకోలేదు.

కిటికీ పక్కన కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఇంజను మోత, మేకలు, చివర్లో "రైట్ రైట్", అన్నిటికీ మించి ముక్కు ఎగబీలుస్తూ నా ఏడుపు. ప్రొఫెసరుగారు దీన్ని ముట్టుకోరు. చెరిపేసే బటను బొటనవేలి కిందే ఉంది. చెరపను గాక చెరపను, ఉద్యోగం పోతే పోయింది. ఇంత మంచి ఏడుపు నాకోసం ఎవరూ ఏడవలేదు.

మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాను. కన్నీళ్ళు ఆగడం లేదు.

"ఏమ్మా, ఎవురు పోయినారు?" పక్క సీటామె నా చెయ్యి పట్టుకుంది.

ఒక ఇయర్‌ఫోను తీసి ఆమె చెవిలో పెట్టాను.

"ఎవురూ పోలేదక్కా. నేనే పోతాండా."