వెనకవైపు చిన్న తెర

లిఫ్టాయన పెద్దగా మాట్లాడడని పెళ్ళికి ముందే ఆమెకు చెప్పారు. చెప్పింది ఆయన సొంత అక్క. మావాడు బంగారం, కాకపోతే నోట్లోంచి మాట రాదు, అంది. ఆమె దాన్ని సుగుణాల్లోనే జమకట్టుకుంది. ఇంట్లో అరిచే తండ్రి దగ్గర పెరిగిన పిల్ల. అరవని మగాడు దొరకడమే అదృష్టమనుకుంది. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ తనొక్కతే మాట్లాడుతూ కాపురం నెట్టుకొచ్చింది.

ఆయన పని లిఫ్టుల మరమ్మతు. మేడ పైన మిషను గదిలో, మోటారు మోత మధ్య, మోచేతుల దాకా గ్రీజుతో చేసే పని. తాడు అరిగిందా, బ్రేకు పట్టుకుంటోందా, తలుపు సరిగ్గా మూసుకుంటోందా అన్నీ చూసీ వినీ తెలుసుకోవలసినవే. అక్కడ మాటతో అవసరం లేదు. ఇంటికొచ్చాక ఆ అలవాటే కొనసాగేది. ఆయన నోట ఆమె విన్న పెద్ద ప్రసంగం ఒక్కటే. అది లిఫ్టు తలుపు మీద అంతస్తు అంకె చూపించే బుల్లి తెర గురించి. ఆ తెర చెడిపోతే లిఫ్టు నిక్షేపంగా ఉన్నా జనం ఫిర్యాదు చేస్తారట, తలుపును కాళ్ళతో తంతారట. అంకె కదులుతూ కనబడితే చాలు, అదే మనుషులు అంతకు రెండింతలసేపు బుద్ధిగా నిలబడతారట. అంత చెప్పి, బరువు దించుకున్నవాడిలా అటు తిరిగి పడుకున్నాడు.

ఆమె ఇంట్లోనే కుట్టుపని చేసేది. కొత్త బట్టలు కాదు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళ జాకెట్లు వదులు చేయడం. వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూనే చేతులు కదిపేది.

ఆయన గొంతు బొంగురుపోయినప్పుడు ఇంట్లో ఎవరూ వెంటనే గమనించలేదు. వాడని వస్తువు పాడైతే తెలిసేది ఆలస్యంగానే కదా. తెలిసేసరికి గొంతులో గడ్డ ముదిరింది. ముందు రేడియేషన్ కరెంటు పెట్టారు. మెడ తోలు ఊడి, గుక్కెడు నీళ్ళు మింగడానికి ఆయన గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అప్పటికీ తగ్గక స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు. ఊపిరి ఇక దానిలోంచే. చూడ్డానికొచ్చిన చుట్టాలు, పాపం గొంతు పోయిందట, అని కళ్ళొత్తుకుంటుంటే, ఉన్నప్పుడు వాడిందెక్కడ అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చి ఆగేది.

ఆస్పత్రిలో మాట నేర్పే విభాగం ఒకటుంది. అక్కడి అమ్మాయి ఒక మిషను ఇచ్చింది. చిన్న ట్రే అంత కీబోర్డు. టైపు చేసే మనిషి వైపు ఒక తెర. వెనకవైపు, ఎదుటి మనిషికి కనబడేలా, రెండు వరుసలు పట్టే ఇంకో బుల్లి తెర. ఆయన్ని రక్తపరీక్షకు తీసుకెళ్ళిన సమయంలో ఆ అమ్మాయి ముందు ఆమెకు చూపించింది.

"వెనక తెర ఎందుకంటే ఆంటీ, ఇది లేకపోతే మీరు అంకుల్ భుజం మీంచి తొంగిచూడాలి. అప్పుడు మాట కనబడుతుంది గానీ మనిషి మొహం కనబడదు. ఎదురుగా కూర్చుంటే రెండూ కనబడతాయి."

అంకుల్ కొడుతుంటే అక్షరాలు అప్పటికప్పుడే ఇటు వచ్చేస్తాయని కూడా చెప్పింది. వాక్యం పూర్తయ్యేదాకా తెర ఖాళీగా ఉంటే ఎదుటివాళ్ళు విసుగొచ్చి ఫోను తీస్తారట.

ఆయన వచ్చాక ఆ అమ్మాయి తొందరలో ఉంది. మీటలు చూపించింది. చివర్లో పచ్చమీట నొక్కితే మిషను బీప్‌మని, రాసింది పైకి చదువుతుందని చెప్పింది. ఆ చదివే గొంతు ఎవరో పడుచుపిల్లది. తోడు వచ్చిన కూతురు పగలబడి నవ్వింది. ఆయన మొహం చిట్లించి ఆ గొంతును తీయించేశాడు. బీప్ మాత్రం మిగిలింది. దాంతో ఆయన మనసులో ఒకటి ఖాయమైపోయింది: బీప్‌మనేదాకా తను రాసేది తనకొక్కడికే కనబడుతుందని.

స్క్రూడ్రైవరు తప్ప ఎరగని చెయ్యి. ఒక్క వేలితో, గోడకు మేకు కొట్టినట్టు కొట్టేవాడు. మొదటిరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఆమె ఎదురుగా కూర్చుని, కూర ఎలా ఉందని అలవాటుగా అడిగింది. బుల్లి తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఉప్పు ఎక్కువైంది. వేలు ఆగింది. వచ్చిన దారినే అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. తెర ఖాళీ. మళ్ళీ కదిలింది. బాగుంది. బీప్.

ఆమె కంచంలోకి తలదించుకుని నవ్వు ఆపుకుంది. కాసేపటికి ఆ నవ్వు ఎటో పోయింది. ఇన్నేళ్ళుగా ఆ మనిషి చెప్పిన ప్రతి 'బాగుంది' వెనకా ఇలా ఒకటి చెరిగిపోయి ఉంటుందా అనిపించింది.

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకుంది. సాయంత్రం ఆమె చెల్లెలు వచ్చి కూర్చుంది. ఈవిడ నోటికి స్విచ్చి ఎక్కడుంది అని తెర మీద వచ్చి, చెరిగిపోయి, టీ తాగి వెళ్ళమను అని బీప్ మోగింది, ఆమె అది చదివి చెప్పింది. ఎంత మర్యాదస్తుడే మీ ఆయన, అని చెల్లెలు మురిసిపోయింది. ఇక ఆ సంగతి ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. తర్వాత చెప్పాలనీ అనిపించలేదు.

కూతురు ఆదివారాలు వచ్చేది కానీ తండ్రి పక్కనే కుర్చీ చేతిమీద కూర్చునేది కాబట్టి ఆ పిల్లకు కనబడేది ఆయన తెరే, చూస్తోందని తెలిసి ఆయన ఆచితూచి కొట్టేవాడు. ఎదురుగా కూర్చునేది ఒక్క భార్యే. కుట్టుమిషను కూడా అటు తిప్పుకుంది. ఒకసారి పొరపాటున బీప్ రాకముందే నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన ఆశ్చర్యపోయి, ఇన్నాళ్ళకి నా మనసు కనిపెట్టావు, అని కొట్టాడు. అప్పట్నుంచి ఆమె బీప్ కోసం ఆగడం నేర్చుకుంది.

చెరిగిపోయేవన్నీ నవ్వించేవి కావు. నాకు భయంగా ఉంది అని వచ్చి, చెరిగి, తలుపు తీసే ఉంచు అయింది. కుడుతూ పాడుకునేదానివి, ఎందుకు మానేశావు అని వచ్చి, చెరిగి, ఫ్యాను తగ్గించు అయింది. అడగని ప్రశ్నకు జవాబు ఎలా చెబుతుంది? లేచి ఫ్యాను తగ్గించింది. మర్నాడు కుట్టుమిషను ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, ఎప్పటిదో పాట ఒకటి సన్నగా తీసింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. కీబోర్డు ముట్టుకోలేదు.

పెళ్ళయినప్పటినుంచీ తను కాపురం చేసింది ఎవరితోనో ఆ నెలల్లోనే ఆమెకు తెలిసింది. పొద్దున లేస్తూనే ఆ తెర కోసం ఎదురుచూసేది. మొగుడి గొంతు పోయాకే ఆయన మాట వినడం మొదలైందన్న సంగతి ఎవరితో చెప్పుకోగలదు?

ఆ సుఖం ఎన్నాళ్ళో సాగలేదు. మెడలో మళ్ళీ గడ్డ తేలింది. ఈసారి ఊపిరితిత్తుల్లోకీ దిగింది. డాక్టరు గదిలో ఎదుటి కుర్చీలో ఆయన కూర్చున్నాడు, ఆమెకు డాక్టరు పక్కన, బరువు తూచే మిషను దగ్గర స్టూలు దొరికింది. డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. సెలైన్లో మందు ఎక్కించవచ్చు. నయం కాదు, కొన్ని నెలలు కలిసిరావచ్చు. కష్టంగానే ఉంటుంది. ఏమంటారు, అని అడిగి కంప్యూటరు వైపు తిరిగి ఏదో రాసుకోసాగాడు.

ఆయన వేలు కదిలింది. బుల్లి తెర ఆమెకు సూటిగా కనబడుతోంది. చాలు డాక్టర్. ఇంక నావల్ల కాదు. కానీ మా ఆవిడ ఒక్కతే అయిపోతుంది.

వేలు అక్కడే ఆగింది. ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె చటుక్కున బరువు మిషను వైపు చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసేసరికి అక్షరాలు తోకనుంచి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. చివరికి 'చా' ఒక్కటే మిగిలి, అదీ పోయింది. సరే. ఎప్పుడు రమ్మంటారు. బీప్. డాక్టరు తల తిప్పి చదివి, మంచి నిర్ణయం, వచ్చే సోమవారం మొదలుపెడదాం, అన్నాడు.

ఇంటికొస్తూ ఆమె బస్సులో నోరు విప్పలేదు. ఆ ఇంట్లో అది వింతే.

ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆయన డాక్టరు ఎదుటే సరే అన్నాడు, బీప్ అందరికీ వినబడింది. లోకం లెక్కలో అదే మాట. ఊరుకుంటే ఇంకొన్ని నెలలు మనిషి ఎదురుగా ఉంటాడు, తెరా ఉంటుంది. ఆమెకు కావలసింది అంతకన్నా ఏమీ లేదు. కూతురు కూడా, నాన్న ఒప్పుకున్నాడుగా, ఇంకేం ఆలోచించకు, అని రోజూ ఫోను చేసి ధైర్యం చెబుతోంది. కానీ గోడ పట్టుకుని నీళ్ళు మింగిన మనిషి కళ్ళముందునుంచి కదలడు. ఈసారి ఆ గోడ తనకోసం పట్టుకుంటాడు.

గురువారం మధ్యాహ్నం ఎవరిదో ప్యాంటు సగం కుట్టి పక్కన పడేసి లేచింది. మాట మిషనును ఆయన ముందు అటుది ఇటు తిప్పి పెట్టి, తను వెనకనుంచి ఒక వేలితో రెండు అక్షరాలు కొట్టింది. పచ్చమీట ముట్టుకోలేదు. బుల్లి తెర ఇప్పుడు ఆయన మొహానికి ఎదురుగా ఉంది.

ఆయన మెకానిక్కు. నమ్మే ముందు పరీక్షించి చూసే మనిషి. మిషను తనవైపు తిప్పుకుని, ఒక అక్షరం కొట్టి, మెడ సాచి అటువైపు తొంగిచూశాడు. ఇంకొకటి కొట్టి చూశాడు. చెరిపి చూశాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వాలాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఎప్పట్నుంచి, అని వచ్చింది.

"మొదటిరోజు నుంచీ."

ఉప్పు?

"ఉప్పూ చూశాను. మా చెల్లెలి నోటికి స్విచ్చి వెతకడమూ చూశాను."

ఆయన భుజాలు కదిలాయి. మెడ రంధ్రంలోంచి గాలి ఈలలా వచ్చింది. అది నవ్వని ఆమెకు తెలుసు. ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ ఒకేసారి ఆపేశారు.

డాక్టర్ దగ్గర?

ఆమె తలూపింది.

తర్వాత, చెప్పకుండా ఉంటే వెళ్ళేవాణ్ణిగా, అని వచ్చింది.

"అందుకే చెప్పాను."

ఆయన చూపు ఆమె మొహం మీదే ఉంది. చూసుకోకుండానే కొట్టాడు, రెండు తప్పులు పడ్డాయి, దిద్దలేదు. మరి నువ్వు చెరిపేసినవి నేనెక్కడ చదవాలి. బీప్.

సోమవారం వెళ్దాం, ఎంత బాధైనా పడండి, నాకోసం ఇంకొన్నాళ్ళు ఉండండి అన్నది గొంతుదాకా వచ్చింది. ఆమె మింగేసింది.

"నేను చెరిపేదేముంది, అన్నీ వాగేస్తూనే ఉంటాగా. మీరు వద్దంటే వద్దు, అంతే."

ఆయన నమ్మలేదు. అలాగని రెట్టించనూ లేదు.

ఆ రోజునుంచి ఆయన చెరపడం మానేశాడు. దాచకుండా చెబుతున్నాడని కాదు. ఇప్పుడు మీట నొక్కే ముందే ఆలోచిస్తున్నాడు. చెరపవలసినవి వేలిదాకా రాకుండా లోపలే ఆగిపోతున్నాయి. కూర బాగుంది. ఫ్యాను తగ్గించు. పడుకుంటా. తెర మీద వచ్చేది అంతే, వచ్చింది వచ్చినట్టే ఉంటోంది. ఆమె కుట్టుపని ఆపి కనిపెట్టుకు చూసింది, ఒక్క అక్షరమైనా వెనక్కి పోతుందేమోనని. పోలేదు. పెళ్ళయిన కొత్తలో ఇంటికొచ్చిన ఆ మూగమనిషే మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

కూతురికి చెప్పేసరికి ఫోనులోనే ఏడ్చింది. నువ్వెలా ఒప్పుకున్నావమ్మా, నాన్న సరే అన్నాక మధ్యలో నువ్వెవరు, అని నిలదీసింది. ఆయన చెరిపేసిన మాట తను చదివానని చెబితే ఆ పిల్లకు ఇంకా కోపం వస్తుందని ఆమెకు తెలుసు. తిట్లు తిన్నది.

శనివారం పొద్దున ఆస్పత్రికి ఫోను చేసింది. ఆయన వరండాలో, వీధివైపు తిరిగి కూర్చున్నాడు. మధ్యలో తలుపు తీసే ఉంది. అవతల తేదీలు చూసే అమ్మాయి కంప్యూటరులో వెతికి, పేషెంటు సరే అన్నట్టుందే, అంది. తర్వాత వద్దన్నారని ఈమె చెప్పింది. అలా మధ్యలో మానేస్తే మళ్ళీ తేదీ దొరకడం కష్టమని, ఇంట్లోవాళ్ళు నచ్చచెప్పి చూశారా అని ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"పోనీ మీరేమంటున్నారమ్మా?"

ఆమె వరండా వైపు చూసింది. ఆయన మాట పోయిందే గానీ చెవులు బాగానే ఉన్నాయి. వీపు కదలడం లేదు. ఒడిలో ఉన్న కీబోర్డు మీద చెయ్యి అలాగే ఉంది.

"నేనూ వద్దనే అంటున్నాను" అంది.

అవతల ఎవరో తోపుడుబండి లాక్కుపోతున్నట్టున్నారు, సరిగా వినబడలేదని, ఇంకోసారి చెప్పమని అడిగింది ఆ అమ్మాయి. ఈసారి ఆమె కాస్త గట్టిగా చెప్పింది.