ఏడో బాణీలో ఖాళీ

ఎడమచేతి ఉంగరపు వేలు మొదటిసారి మొద్దుబారినప్పుడు చలి వల్లేనని సరిపెట్టుకున్నాను. ఎండాకాలం వచ్చాక ఆ సాకు కూడా పోయింది. టీ గ్లాసు పట్టుకుంటే ఆ వేలికి వేడి తెలియడం లేదు. ఇరవై ఏళ్లుగా జాజ్ గిటార్ వాయించి బతుకుతున్నవాణ్ణి, డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే కాళ్లు రాలేదు. వెళ్తే దానికో పేరు పెట్టి చెబుతాడు కదా.

దాని బదులు ఆల్బమ్ మొదలుపెట్టాను. ఎప్పుడూ బ్యాండు చాటున దాక్కుని వాయించినవాణ్ణి. వేలు మాట వింటుండగానే, ఒక్కడినే వాయించింది ఒకటైనా మిగలాలనిపించింది. స్టూడియోకి వెళ్తే ఎవరైనా నా చెయ్యి చూస్తారని భయం. అందుకే గౌలిపురలో మా ఇంటి వెనక బర్రెల కొట్టంలో కూర్చున్నాను. మధ్యాహ్నం అన్న బర్రెలను కడిగి అన్నానికి వెళ్లగానే, గడ్డిమోపుకు ఫోను ఆనించి, కరెంటు తగలని ఉత్త గిటార్ వాయించేవాణ్ణి. తోకల చప్పుడు కూడా రికార్డయింది. మొత్తం తొమ్మిది బాణీలు. ఏడోదాంట్లో ఒకచోట వేలు తీగ మీదికి దిగలేదు. స్వరం రావలసిన చోట ఖాళీ. మళ్లీ వాయిస్తే ఇంకెన్ని ఖాళీలు వస్తాయోనని హడలిపోయి అలాగే ఉంచేశాను.

బ్యాండు మిత్రులకు పంపితే ఆ ఖాళీనే మెచ్చుకున్నారు. ఇన్నేళ్లకు నీకు ఎక్కడ ఆగాలో తెలిసిందని ఒకడు వాట్సాప్‌లో రాశాడు. దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. సిగ్గేసింది, కానీ బయటపడలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

అన్న దృష్టిలో జాజ్ అంటే తాళం తప్పిన పాట. అయినా తన కొట్టం ఎలా వినబడుతుందో చూద్దామని, సాయంత్రం పాలు పిండే ముందు ఫోను పెట్టమన్నాడు. ఏడోది సగానికి రాగానే తలెత్తాడు.

"నీ వేలు ఒకటి పనిచేస్తలేదు కదరా?"

ఫోను ఆపేశాను.

"బాపు పాలు పిండేటప్పుడు గిట్లనే ఉండె. ధార నడుమల తెగుతుండె. చూడకున్నా చప్పుడుకే నాకు ఎర్కయ్యేది."

బాపు చివరి రోజులు నాకు బాగా గుర్తు. అంగీ గుండీలు అమ్మే పెట్టేది. అన్నం ముద్ద చేతిలోంచి జారితే మేమిద్దరం చూడనట్టు కంచాల్లోకి తలలు దించుకునేవాళ్లం.

అట్లా మొదలయ్యాక బాపు ఎన్నాళ్లు పాలు పిండాడని అడిగాను.

బర్రెలు అరుస్తున్నా పాలు పిండడానికి పోకుండా, అన్న బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"మొదటికెల్లి పెట్టు" అన్నాడు. "మొత్తం వింట."