పరీక్షకు నేసిన ఎర్రచీర

సిరిసిల్లలో కరెంటు మగ్గాలను సాంచలంటారు. అవి తిరుగుతున్నప్పుడు ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడదు. కిష్టయ్య ఇంటి ముందుగది నిండా సాంచలే. అందువల్ల ఆయన బిడ్డ రాజమణికి పుట్టినప్పటి నుంచీ గొంతెత్తి మాట్లాడటమే అలవాటు. హైదరాబాదు హాస్టల్లో చేరిన కొత్తలో పక్కగది పిల్లలు ఆమె రోజూ ఎవరితోనో తగువు పడుతోందనుకున్నారు.

ఆమె చదవబోయింది టెక్స్‌టైల్ డిజైను. విశ్వవిద్యాలయంలో అలాంటి చదువొకటుందని వాళ్ల వీధిలో ఎవరికీ తెలియదు. సీటొచ్చిందని చెప్పినప్పుడు కిష్టయ్యకు నవ్వొచ్చింది.

"మన ఇంట్ల పుట్టినోళ్లకు నేసుడు నేర్పెతందుకు పట్నంల సదువా?"

"నేసుడు కాదే బాపూ. ఏం నెయ్యాల్నో గది నేర్పుతరు."

కిష్టయ్య నవ్వు ఆపాడు. ఏళ్ల తరబడి ఆయన సాంచల మీద దిగుతున్నది ఒకటే రకం తెల్లబట్ట. ఏం నెయ్యాలో నూలిచ్చే సేటు చెప్పేవాడు, ఆయన నేసేవాడు. తెల్లారి తల్లి లసుమవ్వ సర్వపిండి డబ్బాకెత్తి బిడ్డను బస్సెక్కించింది.

అది ఎనభైల చివర. ఊళ్లలో నక్సలైటు అన్నల మాట ఎంత నడిచేదో, రోడ్ల మీద పోలీసుల మాట అంత నడిచేది. ఆఖరి ఏడాది పరీక్షకు ప్రతి విద్యార్థీ సొంతంగా డిజైను గీసి, ఒక బట్ట నేయించి తేవాలి. "మామిడిపిందెలు, నెమళ్లు నాకు తేకండి. మీ చుట్టూ ఏముందో చూసి గీయండి" అన్నారు డిజైను చెప్పే మేడం. రాజమణి సెలవులకు కోరుట్ల పోయింది. అక్కడ ఆమె మేనమామ బుచ్చయ్య ఇంకా చేతిమగ్గం మీదే నేస్తున్నాడు.

కోరుట్ల నుంచి ముత్యంపేట ఎంతో దూరం లేదు. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు కొట్టే రోజులవి. రాజమణి గట్టు మీద కూర్చుని, కొడవళ్లు పట్టుకుని వరుసగా వంగిన ఆడవాళ్లను గీసుకుంది. వాళ్లలో పోశవ్వ అనే ఆమె చెమట తుడుచుకుంటూ వచ్చి బొమ్మ చూసింది.

"నన్నెందుకే గింత పొట్టిగ జేసినవ్?"

"వంగి కొడుతున్నవ్ గదా అవ్వా."

"లేషి నిలవడ్డప్పుడు గియ్యి మరి. పొద్దుగాల్నుంచి వంగే ఉన్న, బొమ్మల గూడ వంగాల్నా?"

రాజమణి ఆ పూట మళ్లీ కూర్చుని పోశవ్వను నిలబెట్టి గీసింది.

మామ ఇంట్లో గ్రాఫు కాగితం మీద ఒక్కో పోగుకు ఒక్కో గడి నింపుతూ డిజైను తయారుచేసింది. చీర ఒళ్లంతా ఎరుపు. అంచు పొడవునా చిన్న చిన్న కొడవళ్లు. కొంగులో పచ్చటి చెరుకు, దాని ముందు నిలబడిన ఆడవాళ్లు. ఎరుపెందుకంటే, ఆ తట్టు ముసలమ్మలు కట్టే ముతక చీరలు ఆ రంగువే. వాటిని చూస్తూ పెరిగిన పిల్లకు వేరే రంగు తోచలేదు.

బుచ్చయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ కాలంల గీ బొమ్మ మంచిగుంటదా బిడ్డా?"

"చెరుకు కొట్టే కొడవలే గద మామా. పరీక్ష చీర. ఊరంత కడ్తరా ఏంది?"

ఆయన మగ్గం ముందు కూర్చున్నాడు. మొదటి జానెడు నేసేదాకా గొణిగాడు. ఆ తర్వాత ఆయనకే హుషారొచ్చింది. పోగులు చేత్తో ఎత్తి ఒక్కో కొడవలి పూర్తయ్యేసరికి భార్య సత్యవ్వను పిలిచి చూపించేవాడు.

చీర మగ్గం దిగిన వారమే గోడల మీద అన్నల పోస్టర్లు వెలిశాయి. ఎన్‌కౌంటరుకు నిరసన వారమట. రుద్రంగి దారిలో కల్వర్టు పేల్చేయడంతో సిరిసిల్ల బస్సులు ఆగిపోయాయి. ఇల్లు చేరాలంటే జగిత్యాల మీదుగా చుట్టు తిరిగి పోవాలి. పిల్లను ఒంటరిగా పంపడానికి మనసొప్పక బుచ్చయ్య తోడు బయలుదేరాడు.

జగిత్యాల ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. ఒక కానిస్టేబుల్ రాజమణి ఒళ్లోని మూట విప్పాడు. ఎర్రగుడ్డ, దాని అంచున కొడవళ్లు. పక్కన కూర్చున్న పెద్దమనిషి మెల్లగా లేచి వెనక సీటుకు పోయాడు.

ఇద్దరినీ దింపి దగ్గరలోని స్టేషనుకు తీసుకుపోయారు. ఎస్ఐ కుర్రవాడు, కోస్తా మనిషి. అంచును వేళ్ల మధ్య పట్టుకుని అడిగాడు.

"ఇదేమిటి?"

"చీర సార్. నా పరీక్షకు."

"ఎర్రగుడ్డ మీద కొడవళ్లు. చీరంటే నమ్మాలా? నేయమన్నది ఎవరు?"

"మా యూనివర్సిటీల సార్." ఆమె గుర్తింపు కార్డు తీసి ఇచ్చింది.

అతను చదివి బల్ల మీద పడేశాడు. "బట్టకు డిజైను చదువా! కార్డులు ఎవరైనా అచ్చేయించుకుంటారు. నేసిందెవరు?"

"నేనే సార్" అన్నాడు బుచ్చయ్య, రాజమణి నోరు తెరిచేలోపే.

ఆయన తలపాగా తీయించి లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి చెంప మీద కొట్టిన చప్పుడు వరండాలోకి వినిపించింది. రాజమణికి పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కోరుట్లలో మామ వాళ్ల వాడకట్టు నుంచి ఒక నేతపిల్లవాణ్ని పోలీసులు ఊరికే మాట్లాడి పంపిస్తామని తీసుకుపోయారు. వాడు మళ్లీ రాలేదు. వాడి తల్లి ఇప్పటికీ జీపు చప్పుడైతే గడపలోకి వస్తుంది. సత్యవ్వకు తాను పోయి ఏం చెప్పాలి? మామిడిపిందెలు గీసి ఉంటే ఏమయ్యేది? మహా అయితే మార్కులు తగ్గేవి.

మధ్యాహ్నానికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తల నెరిసిన మనిషి, మాట కరీంనగర్ మాట. ఎస్ఐ చెప్పిందంతా విని, మంచినీళ్లు తాగి, రాజమణిని లోపలికి పిలిచాడు.

"నువ్వు చెప్పేదేమన్న ఉన్నదా?"

సాంచల మధ్య పెరిగిన పిల్ల మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "చెప్పుడు కాదు సార్. కట్టి సూపెడ్త."

ఎస్ఐ ఏదో అనబోతే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

లంగావోణీ మీదనే ఆమె చీర చుట్టుకుంది. కుచ్చిళ్లు జారిపోయాయి. మళ్లీ పెట్టుకుంది. ఆఖరి మడతలు విప్పి కొంగు భుజం మీద వేసుకునేసరికి, అప్పటిదాకా ఎవరూ కొసదాకా విప్పి చూడని చెరుకుతోట బయటపడింది. పచ్చటి గడల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు.

ఆయన కుర్చీలోంచి లేచి దగ్గరకొచ్చి చూశాడు. "గీ ఆడోళ్లెవరు?"

"ముత్యంపేట కాడ చెరుకు కొట్టెటోళ్లు సార్. గీ నడిమిట్ల ఉన్నామె పోశవ్వ. వంగి ఉన్నట్టు గీస్తె ఒప్పుకోలేదు, నిలవెట్టి గియ్యమన్నది."

ఆయన మీసం కదిలింది. "పరీక్ష ఎన్నడు?"

"సోమవారం సార్."

"ఆ ముసలాయన్ను పంపుండ్రి" అన్నాడు ఎస్ఐతో. తర్వాత ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సూడు బిడ్డా, దీన్ని మళ్ల మూట గట్టకు. మూటలుంటె జెండా అంటరు. ఒంటి మీదుంటె చీర. గిట్లనే ఇంటికి పో. అన్ని చెక్‌పోస్టులల్ల నేనుండ."

బుచ్చయ్య బయటికొచ్చాడు. ఎడమ చెంప కందిపోయి ఉంది. మేనకోడలిని నెత్తి నుంచి కాళ్లదాకా చూశాడు. తాను నేసిన చీర మనిషి మీద చూడటం ఆయనకదే మొదలు.

"కుచ్చిళ్లు సక్కగ పెట్టుకో బిడ్డా" అన్నాడు.

రోడ్డెక్కాకగానీ ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. జగిత్యాల బస్టాండులో మామ సోడా కొట్టించి ఇచ్చాడు. తాగుతూ తాగుతూ ఇద్దరూ ఎందుకో నవ్వడం మొదలుపెట్టారు. సోడా ముక్కులోకెక్కి దగ్గుతూ కూడా నవ్వారు. వేములవాడ దారిలో మరోసారి బస్సు ఆపి సంచులన్నీ తడిమారు. రాజమణి వంక ఎవరూ చూడలేదు. చూసింది వెనక సీటు ఆడమనిషి ఒక్కతే.

"సీర మస్తున్నది. ఏడ దొరుకుతది బిడ్డా?"

బుచ్చయ్య తన కందిన చెంపను కండువాతో కప్పుకుని, ఇంకా బజారుకు రాలేదమ్మా అన్నాడు.

సిరిసిల్లలో లసుమవ్వ బిడ్డను చూసి లబలబలాడింది. "పరీక్షల వెట్టె చీర కట్టుకొని తిరుగుతున్నవేందే!" రాజమణి జరిగింది చెప్పింది. కిష్టయ్య పోయి సాంచలన్నీ బంద్ చేశాడు. ఆ ఇంట్లో పనివేళ అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. అందరూ ఒక్కచోట కూర్చుని అన్నం తిన్నారు.

సోమవారం నాటికి చీర మీద ముడతలు, బస్సు సీటు తుప్పు మరక మిగిలాయి. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మరక చూసి కారణం అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పరీక్షకుడు "రోజంతా కట్టారుగా. మళ్లీ నేస్తే ఏం మారుస్తారు?" అని అడిగాడు.

"అంచు బరువైంది సార్. నడిస్తే కాళ్లకు కొట్టుకుంటోంది. కొడవళ్లు ఎడంగా వేస్తే తేలికవుతుంది."

తాను గీసిన బట్ట ఒక రోజంతా కట్టి చూసిన విద్యార్థి ఆ బ్యాచిలో ఇంకొకరు లేరు. ఆమెకు ఫస్ట్ క్లాసు వచ్చింది.

ఆ మధ్యనే అన్నల తాలూకు ఇద్దరు కుర్రాళ్లు బుచ్చయ్య ఇంటికొచ్చి, అలాంటి ఎర్రబట్ట తమకూ నేసిపెట్టమని అడిగారట. డిజైను కాగితం పిల్ల పట్నం తీసుకుపోయిందని, అది లేకుండా తనకు చేతకాదని ఆయన చెప్పాడట. వాళ్లు మగ్గం వంక చూసి వెళ్లిపోయారు. ఆ వారమంతా సత్యవ్వ తలుపు గొళ్లెం తీయనివ్వలేదు. ఎవరూ రాలేదు.

రాజమణికి సిరిసిల్లలోనే నేతపని శిక్షణ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. ఆ కబురు విని బుచ్చయ్య మిఠాయి పొట్లంతో వచ్చాడు. కొత్త చీరకు బొమ్మ గీసియ్యమన్నాడు.

"ఏం గియ్యాలె మామా?"

"గీసారి కోళ్లు గియ్యి బిడ్డా. కోళ్లనైతె ఏ పోలీసోడు పట్టడు."

"ఎందుకు పట్టడు? కూరకైతె వట్టుకపోడా?"

బుచ్చయ్య పడీపడీ నవ్వాడు. రాజమణి గ్రాఫు కాగితం నేల మీద పరిచి, పెన్సిలు చెక్కుకుని, పుంజు తోకతో మొదలుపెట్టింది.