నేను లాంప్ రూమ్‌లో జారిపడలేదు

ఆ సోమవారం ఫస్ట్ షిఫ్టుకు పోతుంటే గని సైరన్ తప్పు దిక్కు నుంచి వచ్చింది. పుట్టినప్పటి నుంచి వింటున్న సైరన్ అది. గని నాకు ఎడమ పక్కన ఉంది, మోత మాత్రం కుడి పక్కన క్వార్టర్ల మీది నుంచి వస్తున్నట్టు ఉంది. నిలబడి అటు తిరిగి చూశాను కూడా. కంపెనీవాళ్లు సైరన్‌ను అటు మార్చారేమో అనుకున్నాను. లోపం నా చెవిలో ఉందని తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

ముందురోజు ఆదివారం, గనిలో ప్లే డే, అంటే అందరికీ సెలవు. మధ్యాహ్నం అన్నాలు తినే వేళ నా భర్త కొట్టిన చెంపదెబ్బ ఎడమ చెవి మీద పడింది. ఈ వాక్యం ఇంత తేలిగ్గా రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఎందుకు కొట్టాడంటారా? అతను రెండుసార్లు ఫోన్ చేస్తే కలవలేదట. చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. అంతకుముందు దెబ్బలకు వేరే కారణాలు ఉన్నాయి. వాటన్నిటినీ నేను చాలా ఓపికగా గుర్తుపెట్టుకునేదాన్ని, ఈసారి ఆ తప్పు చేయకుండా ఉండొచ్చని. ప్రతిసారీ కొత్త తప్పు దొరికేది.

నా పేరు రజిత. మా నాన్న గని కార్మికుడు. ఆయన ఆరోగ్యం చెడి డ్యూటీ చేయలేని పరిస్థితి వచ్చినప్పుడు ఆ ఉద్యోగం నాకు వచ్చింది. గోదావరిఖనిలోనే ఒక గనిలో, లాంప్ రూమ్‌లో పని. కిందికి దిగే ప్రతి మనిషికి టోపీ మీద పెట్టుకునే దీపం చార్జింగ్ చేసి ఇవ్వడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం. కంపెనీ క్వార్టర్ నా పేరు మీదే ఉంది. నా భర్త రాజేందర్ బసంత్‌నగర్‌లో సిమెంటు లారీ నడుపుతాడు. మా పాప వైష్ణవి అప్పుడు రెండో తరగతి.

ఆ సోమవారం కిటికీ దగ్గర దీపాలు అందిస్తుంటే ఎడమ చెవిలో జుయ్యిమని ఒకటే మోత. ఎడమ పక్క నుంచి పిలిచినవాళ్లు రెండోసారి అరిస్తే గాని తిరగడం లేదు. పొద్దున్నే నిద్రపోతున్నావా అని ఒకరిద్దరు ఎగతాళి చేశారు. రద్దీ తగ్గాక దీపాల రాక్ వైపు వెళ్తుంటే గది గిర్రున తిరిగింది. పట్టుకోబోయి అక్కడే కూలబడ్డాను. నేల తడిగా ఉంది. పోశవ్వ అప్పుడే తుడిచి బయటికి వెళ్లింది. పోశవ్వ కాంట్రాక్టు కింద ఊడ్చి తుడిచే మనిషి, యాభై ఐదు దాటి ఉంటాయి.

నాకంటే సీనియర్ సమ్మన్న పరుగెత్తుకొచ్చాడు. చెవి దగ్గర రవ్వంత నెత్తురు చూసి, తడిలో జారావా అని అడిగాడు. అవునన్నాను. ఆ క్షణంలో ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. ఎవరి ముందూ తల వంచుకోకుండా దెబ్బకు ఒక కారణం దొరికింది. గనిలో డ్యూటీ మీద దెబ్బ తగిలితే రిజిస్టర్‌లో ఎక్కించాలి, తర్వాత విచారణ జరుగుతుంది. సమ్మన్న నన్ను ఫస్ట్ ఎయిడ్ రూముకు తీసుకుపోయి తానే దగ్గరుండి రాయించాడు. డ్యూటీలో దెబ్బ అంటే పూర్తి జీతంతో సెలవు ఇస్తారు కాబట్టి నా మేలు కోరే రాయించాడు.

దవాఖానలో ఈఎన్‌టీ డాక్టరమ్మ చెవిలో లైటు పెట్టి చూసింది. కుడి చెవి ఒక్క నిమిషం, ఎడమ చెవి చాలాసేపు. తర్వాత చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు, శబ్దం వినిపిస్తే బటన్ నొక్కాలి. పీటీఏ అంటారట. కుడి వైపు టకటకా నొక్కాను. ఎడమ వైపు అసలు మొదలుపెట్టారో లేదో తెలియక బటన్ పట్టుకుని కూర్చున్నాను. కాగితం మీద ట్రామాటిక్ పర్ఫొరేషన్, కండక్టివ్ హియరింగ్ లాస్ అని రాసింది. కర్ణభేరికి రంధ్రం పడిందని, దాంతో ఆ వైపు వినికిడి తగ్గిందని అర్థం.

“ఎట్ల తగిలిందమ్మా?” అంది.

జారిపడ్డానని చెప్పాను.

“జారిపడితే తలకు బొప్పి కడ్తది, మోచెయ్యి గీసుకపోతది. మీకు యాడ గీత లేదు. అరచెయ్యి గట్టిగ పడితే చెవిలకు గాలి ఒక్కసారే కొట్టుకొని పొర చినుగుతది. అందుల ఎడమ చెవి. మీ ఎదురుంగ నిలబడ్డాయన కుడిచేతి వాటమా?”

మళ్లీ జారిపడ్డాననే అన్నాను.

“సరే, మీరు చెప్పిందే రాస్త. మీ చెవి మాత్రం వేరే చెప్తున్నది.”

చెవిలో నీళ్లు పోకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు, ఏమీ పోయకూడదు, చిన్న రంధ్రాలు రెండు నెలల్లో వాటంతటవే మూసుకుంటాయి అని చెప్పి, చెవిలో దూది పెట్టి పంపింది.

లాంప్ రూమ్‌లో జారిపడ్డానని చెప్పినట్టు తెలిశాక రాజేందర్ నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. దానిమ్మలు తెచ్చాడు, తానే వలిచి పెట్టాడు. సాయంత్రం ముగ్గురం సీరియల్ చూస్తున్నాం. ఆరోజు ఎపిసోడ్‌లో హీరో భార్యను కొట్టాడు. ఆ దెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించారు, మూడుసార్లూ ఫెళ్లుమని మోత. తర్వాత అతనే ఏడ్చాడు, ఆమె అతని గుండెల మీద వాలింది, వెనక పాట. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. కోపం వెనక అంత ప్రేమ ఉందని మురిసిపోయి ఏడ్చాను. నా మొగుడు కూడా అట్లాంటివాడే అనుకుని పదేళ్లు కాపురం చేసినదాన్ని మరి. అప్పుడు వైష్ణవి నా వైపు తిరిగింది.

“అమ్మ, ఆమెకు చెవిల దూది పెట్టలేదేంది?”

రాజేందర్ లేచి బయటికి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఏ సీరియల్‌లో, ఏ సినిమాలో చెంపదెబ్బ పడినా నా కళ్లు ముందు ఆమె చెవి మీదికే పోతున్నాయి. మా ఇంట్లో పడిన దెబ్బకు మోత కూడా లేదు. దెబ్బ పడిన వెంటనే ఆ వైపు అంతా నిశ్శబ్దం అయిపోయింది. తెర మీద కొట్టించుకున్నవాళ్లెవరూ దవాఖానకు పోరు, వరుసలో కూర్చోరు, బటన్ పట్టుకుని రాని శబ్దం కోసం చూడరు.

వారం గడిచాక నొప్పి పెరిగింది. మా అమ్మ ఫోన్‌లో ఎల్లిపాయ కాచిన నూనె గోరువెచ్చగా పోయమంది. డాక్టరమ్మ వద్దన్నది మరచిపోయి కాదు, గుర్తుండే పోశాను. ఎన్ని తరాల మందో కదా. మూడో రోజుకు చీము, జ్వరం. డాక్టరమ్మ బాగా తిట్టింది. ఇన్ఫెక్షన్ వచ్చింది, రంధ్రం పెద్దదైంది, ఇక దానంతట అది మూసుకుంటుందని గ్యారంటీ లేదు అంది. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టింది.

అదే సమయంలో విచారణకు పిలుపొచ్చింది. ఆఫీసు బయట బెంచీ మీద పోశవ్వ కూర్చుని ఉంది. షిఫ్టు వేళ నేల తడిపినందుకు తప్పు ఆమెదేనని కాంట్రాక్టరు నాలుగు రోజులుగా పనిలోకి రానివ్వడం లేదు. విచారణలో తేలేదాన్ని బట్టి అసలు ఉంచుకోవాలా వద్దా అన్నది చూస్తానన్నాడట. ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆమె మాత్రం ముందు నా చెవి గురించే అడిగింది.

“బిడ్డ, నీ చెవి ఎట్లున్నది? నేను తుడిచే కాడికి మంచిగనే తుడిచిన అనుకున్న. నా కండ్లు సరిగ కనవడతలెవ్వు గావచ్చు. నీళ్లు నిలిచినట్టున్నయి.”

నేనాడిన అబద్ధానికి ఆ ముసలామె తన కళ్లను అనుమానిస్తోంది.

లోపల సేఫ్టీ ఆఫీసర్ ఫారం ముందు పెట్టుకుని వరుసగా అడిగాడు. ప్రమాదం ఎక్కడ జరిగింది, ఎన్ని గంటలకు, దగ్గర ఎవరున్నారు, ఇట్లాంటిది ఇంతకుముందు జరిగిందా, మళ్లీ జరగకుండా ఏం చర్య తీసుకోవాలి. చేతికి చిన్న గాయమైనా గనిలో అడిగే ప్రశ్నలే ఇవి. పదేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మ ఎప్పుడూ అడిగింది ఒకటే, నువ్వేమన్నావు అని.

“సార్, లాంప్ రూంల కాదు, మా క్వార్టర్ల. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు. దగ్గర నా బిడ్డ ఉన్నది. ఇంతకుముందు శానాసార్లు అయింది.” చివరి ప్రశ్న మిగిలింది. “మళ్ల కాకుంట ఏం చెయ్యాలెనో నాకు తెల్వది సార్.”

ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

“తప్పు స్టేట్‌మెంట్ ఇచ్చినందుకు మీకు మెమో ఇయ్యాలమ్మ, ఇస్త. పోశవ్వ రేపు డ్యూటీకొస్తది. చివరి ప్రశ్నకు జవాబు నా కాడ లేదు. తెలిసినోళ్ల దగ్గరికి జల్ది పోండ్రి.”

బయటికొచ్చి పోశవ్వ ముందు నిలబడి అంతా చెప్పేశాను. నాలుగు తిట్లు తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, “అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయన్నట్టు” అంది. తర్వాత నా గదవ పట్టుకుని కుడి చెవి వైపు వంగి, “ఇగ ఎవ్వల కోసం దాస్తవు బిడ్డ?” అంది. సమ్మన్న మాత్రం ఇంటి ముచ్చట ఆఫీసులో పెట్టానని మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన రాయించిన రిపోర్టు అబద్ధమైంది కదా, ఆ కోపమూ న్యాయమే.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. పాత చీటీ కింద ఆ రోజు తేదీ వేసి, భర్త కొట్టడం వల్ల తగిలిన దెబ్బ అని రాసింది. మహిళల సహాయ కేంద్రానికి కూడా తానే ఫోన్ చేసింది. అక్కడ రాజేందర్‌ను పిలిపించారు.

“సీరియల్లల్ల చూస్తలేరా మేడం? ఆలుమగలన్నంక ఒక దెబ్బ పడ్తది, మళ్ల కలుస్తరు. దీనికి గింత లొల్లా?” అన్నాడు.

కౌన్సెలర్ నా పీటీఏ కాగితం అతని ముందు పెట్టింది. కుడి చెవి గీత పైన ఉంది, ఎడమ చెవి గీత కిందికి దిగింది. అతను చాలాసేపు చూశాడు. ఏం అర్థమైందో నాకు తెలియదు. అతను మా క్వార్టర్‌లో ఉండకూడదని కోర్టు ఆర్డరు వచ్చాక బసంత్‌నగర్‌లో గది తీసుకుని వెళ్లిపోయాడు. నెలకు రెండుసార్లు కేంద్రంలోనే పాపను చూసి పోతాడు.

వైష్ణవితో కౌన్సెలర్ విడిగా మాట్లాడింది. మా ఇంట్లో టీవీ సౌండు ఎప్పుడూ ఎక్కువే ఉండేది. పక్క క్వార్టర్ సరోజక్క మీకు సీరియల్ పిచ్చి అని నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. డాడీ అరుస్తుంటే సరోజత్తకు వినపడొద్దని సౌండు పెంచేదాన్నని పాప చెప్పింది. ఏడేళ్ల పిల్ల ఇంటి పరువు కాపాడింది. ఇది విన్న రోజు ఏడ్చినట్టు నేను చెవి నొప్పికి కూడా ఏడవలేదు. ప్రతి ప్లే డే నాడు దానికి కడుపునొప్పి వచ్చేది. స్కానింగ్ తీయించాం, నార్మల్ అన్నారు. అతను వెళ్లిపోయిన రెండు నెలలకు ఆ నొప్పి దానంతట అదే మానింది.

మూడు నెలలు చూసినా నా రంధ్రం మూసుకోలేదు. టింపానోప్లాస్టీ చేశారు. చెవి వెనక కోసి చిన్న పొర తీసి లోపల అతికించారు. నా పక్కన అటెండెంట్‌గా పోశవ్వ ఉంది, రెండు రోజులు సెలవు పెట్టుకుని మరీ. నాకు తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలని డాక్టరమ్మ చెప్పింది, లేకపోతే అతుకు కదులుతుందట. తుమ్ము రాబోతే చాలు, “నోరు తెరువు, నోరు తెరువు” అని వార్డంతా వినపడేట్టు అరిచేది పోశవ్వ. పక్క మంచాలవాళ్లు కూడా నాతో పాటు నోళ్లు తెరిచేవారు.

ఆరు వారాలకు మళ్లీ పీటీఏ. ఎడమ వైపు హెడ్‌ఫోన్‌లో సన్నగా, ఎక్కడో చాలా దూరంగా ఒక శబ్దం వచ్చింది. బటన్ అంత గట్టిగా జీవితంలో నొక్కలేదు. అతికించిన పొర బాగా పట్టుకుందని డాక్టరమ్మ నవ్వింది. పూర్తిగా మునుపటిలా లేదు, చలికాలం జుయ్యిమంటుంది, గుంపులో ఎడమ పక్క మాటలు కొన్ని పోతాయి. దానితో సర్దుకుంటున్నాను.

ఇప్పుడు మా ఇంట్లోనూ సీరియల్ నడుస్తుంది, మామూలు సౌండులో. వైష్ణవి నాలుగో తరగతి. మొన్న వాకిట్లో పిల్లలు సీరియల్ ఆట ఆడుతున్నారు. ఒక పిల్లాడు కొట్టినట్టు చేశాడు, ఒక పిల్ల పడినట్టు చేసింది, వాడు పాట అందుకోబోయాడు. మా పాప ఆట ఆపింది. ఇప్పుడు దవాఖాన సీను ఉంటుంది, అది ఆడకుండా పాట లేదు అని దబాయించింది. తానే డాక్టరయింది. నాకు నవ్వు ఆగలేదు.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. దవాఖానలో దెబ్బ ఎట్లా తగిలిందని అడిగితే, మొదటిసారే నిజం చెప్పండి, అట్లాగే రాయమనండి. అప్పుడే చెప్పి ఉంటే నేను రెండు వారాల ముందే సహాయ కేంద్రానికి చేరేదాన్ని, పోశవ్వ బెంచీ మీద కూర్చోవలసి వచ్చేది కాదు. ఒంటరిగా చెప్పలేకపోతే మనసెరిగిన మనిషిని తోడు తీసుకుపోండి.

పోయిన నెల మా లైనులో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి నాతో దవాఖానకు వచ్చింది. మణికట్టు వాచి ఉంది. బాత్రూములో పడ్డానని దారి పొడవునా చెప్పింది, నేను కాదనలేదు. డాక్టరు చెయ్యి పట్టి చూసి, ఎట్లా తగిలిందని అడిగాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను ఆమె పక్కన కూర్చున్నానంతే. తలెత్తి, జరిగింది తనే చెప్పింది.