దున్నుకోమన్న మాట

కాజిల్‌బార్‌లో మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఇద్దరం నర్సులం, ఇద్దరిదీ గోదావరి ఏజెన్సీ. మా ఊళ్ళ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క వాగే అయినా, ఐర్లండ్ వచ్చేదాకా ఒకరి ముఖం ఒకరం చూడలేదు. తను కోయల అమ్మాయి. చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో చదువుకుంది. మాది తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి అక్కడికి వలస వెళ్ళిన రైతు కుటుంబం. తను నాకంటే చిన్నది. పరిచయమైన రోజునుంచే అక్కా అని పిలిచేది.

లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్న నిబంధన ఉండేది. డ్యూటీ లేని రోజుల్లో ఆ హద్దులోపలే నడిచేవాళ్ళం. మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన మనిషి. పొయ్యిలోకి టర్ఫ్, అంటే బురదనేలనుంచి కోసి ఎండబెట్టిన మట్టి ఇటుకలు, సంచిలో తెచ్చి గేటు దగ్గర పెట్టి, అక్కడే దూరంగా నిలబడి కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు తను ఎదురుగా కనిపించే కొండను చూపించి, అది ఎవరిదని ఆయన్ని అడిగింది. గొర్రెలు మేపుకోవడానికి తనకు వాటా ఉందని, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకూ ఉందని, కానీ కొండలో ఏ ముక్క తనదో చూపించమంటే చూపించలేనని ఆయన అన్నాడు. అది ఆయనకు పెద్ద విషయంలా లేదు. తను మాత్రం ఇంట్లోకి వచ్చాక చాలాసేపు నవ్వుతూనే ఉంది.

"మాదీ ఇంతేనక్కా. ఎవడి ముక్క ఏదని అడిగితే మా తాత దిక్కులు చూసేవాడంట. అందుకే కదా పోయింది," అంది.

ఆ సాయంత్రమే వాళ్ళ పొలం సంగతి మొదటిసారి చెప్పింది. వాళ్ళ తాత దగ్గరికి కింది ఊళ్ళనుంచి ఒక రైతు వచ్చి భూమి అడిగాడట. భూమి అమ్మడమనేది తాతకు తెలియదు. దున్నుకో, పంట నీది అన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు: పొలం పైగట్టున వాళ్ళ పెద్దల రాళ్ళున్నాయి, వాటి జోలికి రాకూడదు. వాళ్ళలో మనిషి పోతే ఆ మనిషి పేరున ఒక రాయి నిలబెడతారు. ఆ రైతు సరేనని, అక్కడే మట్టి ముట్టుకుని మాటిచ్చాడట. తర్వాత తాతవాళ్ళు వాగు అవతలికి వెళ్ళిపోయారు. గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనకూడదని అక్కడ చట్టం ఉంది. కాబట్టి వాళ్ళ నాన్న కేసు వేశాడు. ఆ కేసు తను పుట్టకముందునుంచీ నడుస్తూనే ఉంది.

పైగట్టు, దాని కింద చింతచెట్టు, వాగు వంపు. తను ఆ గుర్తులు చెబుతూంటే, అది నేనెరిగిన చోటేనని అర్థమైంది. చిన్నప్పుడు ఆ రాళ్ళ మధ్య దాగుడుమూతలు ఆడాను. ఎవరివని అడిగితే అమ్మ, కోయోళ్ళ రాళ్ళు, తొక్కకు అనేది.

"అది మా పొలమే," అన్నాను.

తను చేతిలో ఉన్న గిన్నె తుడిచి, కప్‌బోర్డులో పెట్టి, అప్పుడు నవ్వింది. "అయితే మీ తాత మాటిచ్చింది మా తాతకే. మనం ఎప్పటినుంచో చుట్టాలమన్నమాట," అంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనే కొన్నాళ్ళు తన ముందు అన్నం పెట్టుకోవడానికి ఇబ్బందిపడ్డాను. తను గమనించి, నా కంచంలో తనే కూర వేసేది.

మరుసటి ఏడు మన దేశంలో రెండో వేవ్ వచ్చింది. తన తండ్రికి జ్వరం వచ్చిందన్న కబురు వచ్చాక, ఆయన మంచం మీద కూర్చుని ఉన్న వీడియో ఒక్కటి వచ్చింది. ఆ తర్వాతి కబురు ఆయన పోయాడని. తను వెళ్ళడానికి వీల్లేదు. వెళితే ఎప్పుడు తిరిగి రాగలదో తెలియదు, వార్డులో మనుషులు లేరు. శవాన్ని ఊరికి ఇవ్వలేదు. పట్నం శివార్లలో ఎక్కడో పూడ్చారు. తన అన్న రోడ్డుమీద నిలబడి చూశాడు.

ఏడుపు తగ్గాక తను నా మంచం అంచున వచ్చి కూర్చుంది.

"అక్కా, మనిషినైతే తీసుకుపోలేకపోయాం. రాయినన్నా మా తాత రాయి పక్కన పెట్టుకుంటామని మీ నాన్నని అడుగుతావా? కేసుతో సంబంధం లేదు. రాయి పెట్టి వచ్చేస్తారు."

నేను మర్నాడు మధ్యాహ్నం నాన్నకు ఫోన్ చేశాను. ముందు అయ్యో పాపం అన్నాడు. ఆ పెద్దాయన్ని కోర్టు దగ్గర చూశానని, ఒకసారి ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగామని చెప్పాడు. తర్వాత విషయం చెప్పాను.

"రాయి పాతనిస్తే రేపు అదే సాక్ష్యం అవుద్దమ్మా. బండలు పగలగొట్టి, బోరేసి, ముప్పై ఏళ్ళు చేసిన నేల. నేనెక్కడికి పోను?"

తాత మాటిచ్చాడు కదా అన్నాను.

"తాత ఇచ్చిన మాట తాతతోనే పోయింది. అయినా ఇప్పుడక్కడ రాళ్ళెక్కడున్నాయి? నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడే తీయించాను. మోటారు షెడ్డు దగ్గర అరుగు కట్టించింది వాటితోనే."

సెలవులకు వెళ్ళినప్పుడల్లా నేను బట్టలు ఉతికిన అరుగు అది. గలగలా నీళ్ళు పోసి కడిగి, దానిమీదే కూర్చుని జామకాయలు తినేదాన్ని. ఫోన్‌లో నేనేం అరిచానో సరిగా గుర్తులేదు. ఆ పొలంలో నాకు చెందాల్సిన భాగం నాకొద్దని, వాళ్ళది వాళ్ళకిచ్చేయమని అన్నాను. నీకు జీతం వస్తోంది కాబట్టి అంటున్నావు, నీ తమ్ముడేం తినాలి అని నాన్న అడిగాడు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. ఆ భయం నాకు అర్థమైంది. అందుకే మరీ కష్టమనిపించింది.

తనకు అబద్ధం చెప్పలేకపోయాను. నాన్న ఒప్పుకోలేదని చెప్పాను. రాళ్ళ సంగతి కూడా చెప్పాను. తను నన్ను తిట్టలేదు. అరుగు ఎంత పెద్దదని అడిగింది. చేతులతో చూపించాను. ఆ చేతులవైపే చూస్తూ, "అయితే మా పెద్దలందరూ దాంట్లో పట్టే ఉంటారు," అంది. లేచి యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది.

ఏదో ఒకటి చేయాలన్న తొందరలో నేను ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళాను. కొండమీద ఒక రాయి నిలబెట్టుకోవచ్చా అని అడిగాను. ఆయన ఎందుకని కూడా పూర్తిగా వినలేదు. గ్రాండ్, అంటే అలాగే కానిమ్మని, వాటాదారులందరికీ వరసగా ఫోన్లు చేశాడు. ఒక్కరు కూడా కాదనలేదు. తన తాత ముత్తాతల్ని కూడా ఒకప్పుడు దొరల మనుషులు ఆ నేలమీదనుంచి వెళ్ళగొట్టారని, పెళ్ళగించిన గడపరాయి ఇంకా అక్కడే పడి ఉందని, కావాలంటే దానిపక్కనే పెట్టుకోమని చెప్పాడు. నేను సంతోషంగా ఇంటికి పరుగెత్తాను.

తను ఓపిగ్గా విన్నది. ఆయన మంచోడు అంది. తర్వాత, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"మా నాయనకి ఆ కొండమీద ఎవరు తెలుసక్కా? ఒక్కడూ ఏం చేస్తాడక్కడ?"

ఆ వేసవిలోనే డబ్లిన్‌లో, బోమాంట్ వైపు ఒక ఆస్పత్రిలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు బియ్యం డబ్బా నింపి, పోపుల పెట్టె నాకే వదిలింది. బస్సు దగ్గర ఇద్దరం మాస్కులతోనే ఉన్నాం. ఏడుస్తోందో లేదో తెలియలేదు.

తర్వాత ఒకసారి ట్రైనింగ్‌కని అటు వెళ్ళినప్పుడు కలిశాం. క్యాంటీన్‌లో నాకోసం చోటు ఆపి ఉంచింది. నా ఆరోగ్యం, మా అమ్మ మోకాళ్ళ నొప్పులు, అన్నీ అడిగింది. పొలం మాట నేనే తెచ్చాను. నాన్నతో మాట్లాడటం తగ్గించేశానని, తమ్ముడికి ఎంత చెప్పినా వినడం లేదని చెప్పుకున్నాను. అన్న ఇంకా కోర్టుకు తిరుగుతున్నాడని, తండ్రి రాయి ఇంటి వెనక గోడకు ఆనించి ఉంచారని, నిలబెట్టలేదని చెప్పింది. దానికి పసుపు మాత్రం రాస్తున్నారట.

నేను తల వంచుకున్నాను. తను నా ముందున్న ప్లేటు కొంచెం దగ్గరికి జరిపింది.

"చల్లారిపోతోంది. మీరు తినండి," అంది.

అంత ఆప్యాయంగానే అంది. మీరు అనడం మాత్రం అదే మొదటిసారి. నేను తిన్నాను. తను వాచీ చూసుకుని, షిఫ్ట్‌కి టైమైందని చెప్పి, నా ట్రే కూడా తీసుకుని వెళ్ళిపోయింది.