పెదనాన్నకు లేని పంపు

ఇప్పటికీ ఎక్కడైనా పంపు చప్పుడు వింటే నాకు మా పెద్దమ్మే గుర్తొస్తుంది. పంపులు బాగుచేసే కంపెనీలో టైపిస్టు ఆమె. నాకు చదువు అబ్బడం లేదని మా అమ్మ నన్ను వాళ్ళింటికి పంపింది, అక్కడుండి కుట్టుపని నేర్చుకోమని.

పెద్దమ్మ ఇంగ్లీషు ఉత్తరాలన్నీ ఒకే మూస. మొదట్లోనే 'ఐ బెగ్ టు స్టేట్'. అంటే వేడుకుంటూ మనవి చేసుకోవడమట. ఆ ధోరణి ఇంట్లోకీ వచ్చేసింది.

"కూరలో ఉప్పు తగ్గిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను," అనేవాడు పెదనాన్న కంచం ముందు.

"తమరి విన్నపం పరిశీలనలో ఉంది," అనేది పెద్దమ్మ, లేవకుండానే.

ఒక శనివారం ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది. ఒకరి పంపు ఆలస్యమవుతుందని రాసిన ఉత్తరాన్ని కొత్త మేనేజరు తిప్పి పంపేశాడట. "ఈ వేడుకోవడాలేంటమ్మా, మనుషులు మాట్లాడుకున్నట్టు రాయండి. సోమవారం చూస్తాను. కుదరకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటాం" అన్నాడట. నడుము పట్టేసి పెదనాన్న అప్పటికే పని మానేశాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది.

మర్నాడు పొద్దున్నే పెదనాన్నను కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఏమండీ, పంపు మీది. నేను కంపెనీని. వినండి. పంపు ఆలస్యమవుతుంది. ఆగాలి."

"అయితే నా పంపు నాకిచ్చెయ్. ఇంకోచోట చేయించుకుంటా."

"బతిమాలితే మేనేజరు వద్దన్నాడు. బతిమాలకపోతే మీరు పట్టుకుపోతానంటున్నారు."

"మరి వారంగా నా తోట ఎండిపోతుంటే?"

మాకున్నది కిటికీలో ఒక పూలకుండీ. నేను కుట్టుమిషను ఆపి నవ్వేశాను. పెద్దమ్మ నవ్వలేదు. కాసేపు ఆయన మొహంలోకి చూసి, పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పింది.

"మీ పంపు ఇంకా తయారవలేదండీ. అందులో వేయాల్సిన బేరింగు దొరకలేదు. శుక్రవారం ఇచ్చేస్తాం. మీకు ఇబ్బందైంది, ఏమీ అనుకోకండి."

పెదనాన్న గడ్డం గోక్కున్నాడు. "సరే, శుక్రవారమే వస్తాను" అని నిజంగానే లేచి, నడుం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోపే పెద్దమ్మ కాగితం ముందేసుకుని, ఆ మాటల్నే ఇంగ్లీషులో పెట్టడం మొదలెట్టింది.

సోమవారం మేనేజరు అది చదివి, సంతకం పెట్టి, చేతికి ఇంకో పని ఇచ్చాడట. ఆ సాయంత్రం పెద్దమ్మ చెప్పులు విప్పుతూనే "నీళ్ళివ్వండి" అంది.

"మనవి లేదా?"

"లేదు. దాహంగా ఉంది."

శుక్రవారం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి పెదనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నా పంపేదండీ?"

"తయారైంది, పట్టుకెళ్ళండి" అని పెద్దమ్మ కూరల సంచి ఆయన చేతిలో పెట్టింది.