చేపల అద్దానికి ఆయుధపూజ

గుప్పెడు విభూతితో ఒక శాస్త్రాన్నే బూడిద చేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూసుకోండి, నేనే.

డెబ్బయ్యవ దశకం చివర్లో బెంగుళూరులోని ఒక పరిశోధనశాలలో చేరాను. మనుషుల దిగులు పోగొట్టే మందును ముందు చేపలకిచ్చి చూడటం మా పని. కోపమూ దిగులూ ఒక తల్లి బిడ్డలేనని మా ప్రొఫెసరుగారి సిద్ధాంతం. అందుకని పోట్లాట చేపల్ని తెప్పించారు. జాడీ పక్కన అద్దం పెడితే చాలు, ఈ చేప తన నీడనే పగవాడనుకుని మొప్పలు విప్పి మీదికి దూకుతుంది, అచ్చం ఆస్తి పంపకాలనాటి మా చిన్నాయనలాగా. మందు నీళ్ళలోని చేప దూకడం మానేస్తే మందు పనిచేసినట్టు. పోల్చి చూడటానికి ఇంకో జాడీలో వట్టి నీళ్ళ చేప.

నెలలు గడిచినా రెండూ పోటీపడి దూకుతూనే ఉన్నాయి. ప్రొఫెసరుగారు నన్ను పిలిచి తేల్చేశారు.

"దసరా అయినాంక మన పని తనిఖీ చేసేదానికి పెద్ద డాక్టరమ్మ వస్తుండాది. ఆయమ్మకి ఏమన్నా చూపిస్తే ఇక్కడ ఉంటావు. లేదంటే బళేపేటలో మీ నాయన గాజులంగడి ఉండాది గదప్పా, పోయి కూర్చో."

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో బొట్టు పెట్టించుకోని ఇనుపముక్క ఉండదు. పరిశోధనశాల పూజ నాకప్పగించారు. తక్కెడకు బొట్టు, మైక్రోస్కోపుకు బొట్టు. అద్దాల దగ్గరికొచ్చేసరికి భక్తి పొంగింది. ఉద్యోగం ఊడబోయేవాడి భక్తి సామాన్యమా! విభూతి, దానిమీద గంధం, నడుమ కుంకుమ. గోడకు సున్నం కొట్టేవాడు కూడా అంత దిట్టంగా కొట్టడు. పెట్టిన బొట్టు తుడిస్తే అపచారమని, పండగయ్యాక ఆ అద్దాలనే జాడీలకు ఆనించాను.

మందు చేప కదల్లేదు! వట్టి నీళ్ళ చేప కూడా కదల్లేదు. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగేవాడు. నేను పరుగెత్తాను.

"సార్, మందు పనిచేసింది!"

"వట్టి నీళ్ళ చేప ఏమంటాది?"

"అదీ చల్లబడిండాది సార్. పక్కనే మందు ఉండాది గదా, గాలి సోకినట్టుండాది."

నమ్మాలని ఉన్నవాడికి ఏ గాలైనా చాలు. ఆయన జాడీల వైపైనా చూడకుండా నా భుజం తట్టారు.

డాక్టరమ్మ వచ్చారు. చేపలు తపస్సులో ఉన్నాయి. "చూసినారా, ఎంత శాంతం!" అని ప్రొఫెసరుగారు మురిసిపోతుంటే, ఆవిడ నుదుటి బొట్టు సరిచేసుకుందామని అద్దం అందుకున్నారు.

"ఏమప్పా, దీంట్లో నా మొగమే కనపడల్యా, చేపకేం కనపడతాది?"

"పూజ చేసిన అద్దం మేడమ్, తుడవగూడదు..." అని అడ్డుపడ్డాను.

తుడిచేశారు. మందు చేప ముందర పెట్టారు. అయ్యో, ఏం చెప్పను! పండగనాటి నుంచీ కోపమంతా కూడబెట్టుకున్నట్టు ఆ చేప గాజును గుద్దిన గుద్దుకు నీళ్ళు ఎగిరి ప్రొఫెసరుగారి కళ్ళజోడు మీద పడ్డాయి.

"ఈ మందు చేపలకి గాదప్పా, ఈ పిల్లోనికి ఇయ్యండి!" అని డాక్టరమ్మ పగలబడి నవ్వారు. ప్రొఫెసరుగారు నవ్వలేదు. పిచ్చి కుదిరిందని చాటింది చేపలకి, రోకలి చుట్టింది నా తలకి.

నాలుగు దశాబ్దాలుగా గాజులంగడిలోనే ఉన్నాను. అంగడి అద్దానికి బొట్టు చట్రం మీదే పెడతాను. ఈమధ్య మా చిన్నాయన పూర్తిగా మారిపోయాడని, పరమశాంతుడయ్యాడని చుట్టాలంతా చెబుతున్నారు. అద్దం తుడిచి ఎదురుగా పెట్టేదాకా ఈ జన్మలో ఎవరి శాంతాన్నీ నమ్మను. ఆ చేప మీద ఒట్టు.